ఎన్‌పీఎమ్1 ఏఎమ్ఎల్: ట్రాన్స్‌ప్లాంట్ ఇప్పుడే చేయించాలా, కీమోతో ఆగాలా?

"ఎన్‌పీఎమ్1 పాజిటివ్, మంచి రకమే అన్నారు. తర్వాత ఎఫ్ఎల్‌టీ3 కూడా ఉందని ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోమన్నారు. ఇంకో డాక్టరు గారేమో అప్పుడే తొందరపడొద్దు అంటున్నారు. ఎవరి మాట వినాలండీ?"

ఏఎమ్ఎల్ (త్వరగా ముదిరే ఒక రకం రక్త క్యాన్సర్) పేషెంట్ల ఇళ్ళ నుంచి ఈ ప్రశ్న వస్తూనే ఉంది. ఎన్‌పీఎమ్1, ఎఫ్ఎల్‌టీ3 అనేవి ఆ క్యాన్సర్ కణాల జన్యువుల్లో వచ్చే మార్పులు (మ్యుటేషన్లు). ట్రాన్స్‌ప్లాంట్ అంటే దాత మూలకణాలు ఎక్కించడం. ఇద్దరు డాక్టర్లూ తప్పేమీ చెప్పలేదు. ఒకరు జబ్బు బయటపడ్డ రోజు రిపోర్టు చూసి మాట్లాడుతున్నారు, ఇంకొకరు రెండో కీమో సైకిల్ తర్వాత వచ్చే రిపోర్టు కోసం ఆగుతున్నారు. నేను రెండోవారి వైపే.

ఈ చర్చ అవసరం లేనివాళ్ళ సంగతి ముందు చూద్దాం. 15, 17 క్రోమోజోముల ముక్కలు తారుమారైన (15;17 ట్రాన్స్‌లొకేషన్) ఏపీఎల్ అనే రకానికి ఆట్రా, ఆర్సెనిక్ మందులు ఉండగా ట్రాన్స్‌ప్లాంట్ ఊసే అక్కర్లేదు (ఆర్సెనిక్ ఒక్కదానితోనే ఈ జబ్బు నయమవుతుందని చూపించినవాళ్ళలో మనకు దగ్గర్లోని వేలూరు సీఎంసీ డాక్టర్లూ ఉన్నారు). 8;21, ఇన్వర్షన్ 16 అనే క్రోమోజోమ్ మార్పులున్న రకాలకు హై డోస్ సైటరబిన్ (కీమో మందు) చాలావరకు సరిపోతుంది. టీపీ53 జన్యువులో మ్యుటేషన్ ఉంటే ఏ దారిలోనూ మంచి ఫలితాలు లేవు. రెమిషన్ (మైక్రోస్కోపులో జబ్బు కనిపించని స్థితి) వచ్చి, ఒంట్లో శక్తి ఉంటే ట్రాన్స్‌ప్లాంట్ గురించి మాట్లాడతారు, అంతే.

మిగిలింది అరవై లోపు వయసు, 7+3 అనే మొదటి కీమో తట్టుకుని రెమిషన్‌లోకి వచ్చిన ఎన్‌పీఎమ్1 పేషెంటు. పెద్దవాళ్ళ ఏఎమ్ఎల్‌లో దాదాపు మూడో వంతు ఈ రకమే.

ఒక దారి, తోబుట్టువుల నుంచో, సగం మ్యాచ్ అయిన అమ్మానాన్నలూ పిల్లల నుంచో మూలకణాలు తీసుకుని వెంటనే ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకోవడం. జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో దీన్ని మించింది లేదు. కానీ ఎంత మంచి సెంటర్లోనైనా ట్రాన్స్‌ప్లాంట్ వల్లే ప్రాణం పోయే ప్రమాదం కొంత ఉంటుంది. బతికి బయటపడ్డవాళ్ళలోనూ కొందరిని జీవీహెచ్‌డీ (దాత కణాలు పేషెంటు ఒంటి మీదే దాడి చేయడం) ఏళ్ళ తరబడి వదలదు. చర్మం బిగుసుకుపోతుంది, కళ్ళు పొడిబారతాయి, నోట్లో పుండ్లు పడి ముద్ద దిగదు. చాలామందికి పిల్లలు పుట్టే అవకాశం పోతుంది. రెండో దారి, ఇంకో రెండు మూడు హై డోస్ సైటరబిన్ సైకిళ్ళు చేయించుకుని, ట్రాన్స్‌ప్లాంట్‌ను చేతిలో ఉంచుకుని కనిపెట్టుకుని ఉండడం.

మొదటి రోజు రిపోర్టును బట్టి తేల్చేద్దామంటే, ఆ లెక్కలే మారుతూ వచ్చాయి. యూరప్ నిపుణుల 2017 మార్గదర్శకాలు ఎన్‌పీఎమ్1తో పాటు ఎఫ్ఎల్‌టీ3-ఐటీడీ (ఎఫ్ఎల్‌టీ3లో ఎక్కువగా కనిపించే మార్పు) తక్కువ మోతాదులో ఉంటే మంచి రకంలో వేశాయి. 2022లో అదే బృందం మోతాదు ఎంతైనా సరే, ఎన్‌పీఎమ్1 ఉన్నా సరే, ఐటీడీ ఉంటే మధ్యరకమే అంది. పేషెంటు అదే, జబ్బు అదే, ర్యాంకు మాత్రం మారింది.

అందుకే నేను ఎంఆర్‌డీకి (రెమిషన్ వచ్చాక కూడా మైక్రోస్కోపుకి దొరకకుండా మిగిలిన జబ్బు) పెద్దపీట వేస్తాను. ఎన్‌పీఎమ్1 మ్యుటేషన్ లుకేమియా కణాల్లో తప్ప మామూలు కణాల్లో కనిపించదు, జబ్బు తిరగబెట్టినప్పుడూ దాదాపు ఎప్పుడూ అదే ఉంటుంది. ఐటీడీకి ఆ నిలకడ లేదు. మొదట ఉన్నది పోవచ్చు, లేనిది రావచ్చు. బ్రిటన్‌లో ఎన్‌పీఎమ్1 పేషెంట్లకు రెండో సైకిల్ తర్వాత రక్తంలో ఈ మ్యుటేషన్ మిగిలిందా అని వెతికారు. 2016లో వచ్చిన ఫలితాల్లో, మిగిలినవాళ్ళలో మూడేళ్ళకు బతికి ఉన్నది 24 శాతం, మిగలనివాళ్ళలో 75 శాతం. 2024లో అక్కడి నుంచే మన ప్రశ్నకు సూటి జవాబు వచ్చింది. ఎంఆర్‌డీ నెగటివ్ వాళ్ళలో ట్రాన్స్‌ప్లాంట్ చేయించుకున్నవాళ్ళు మూడేళ్ళకు 79 శాతం, చేయించుకోనివాళ్ళు 82 శాతం బతికి ఉన్నారు, అంటే తేడా లేనట్టే. పాజిటివ్ వాళ్ళలో మాత్రం ట్రాన్స్‌ప్లాంట్‌తో 61, లేకుండా 24. ఐటీడీ ఉండి నెగటివ్ అయినవాళ్ళలో ట్రాన్స్‌ప్లాంట్‌తో 83, లేకుండా 76. ఆ గుంపు చిన్నది, ఆ తేడాను గట్టిగా నమ్మడానికి లేదు. అందుకే ఐటీడీ ఉన్నవాళ్ళ విషయంలో ఇప్పటికీ డాక్టర్ల మధ్య వాదన నడుస్తోంది. ఇవి పేషెంట్లను చీటీలు తీసి రెండు గుంపులుగా విడగొట్టి చేసిన అధ్యయనాలు కావు, అదీ గుర్తుంచుకోవాలి.

ఇక్కడే మనవాళ్ళు బోల్తా పడేది. జబ్బు బయటపడ్డప్పుడు చేసిన ఎన్‌జీఎస్ ప్యానెల్‌నే (చాలా జన్యువులను ఒకేసారి చదివే పరీక్ష) మళ్ళీ చేయించి, "ఎన్‌పీఎమ్1 నాట్ డిటెక్టెడ్" అని వస్తే ఎంఆర్‌డీ నెగటివ్ అనుకుంటారు. మామూలు ప్యానెల్ వందలో ఒకటో రెండో ఉంటేనే పట్టుకుంటుంది. ఎంఆర్‌డీకి లక్షలో ఒకటున్నా దొరకాలి. దానికి ఆర్‌ఎన్‌ఏ మీద చేసే ఆర్‌క్యూ-పీసీఆర్ వేరే ఉంది, అడిగి ఆ టెస్టే రాయించుకోండి. రిపోర్టులో ఏబీఎల్1 (పోలిక కోసం కొలిచే మామూలు జన్యువు) కాపీల సంఖ్య ఇస్తారు. అది పదివేలకు తగ్గితే శాంపిల్ సరిగ్గా లేదని అర్థం, అలాంటి నెగటివ్‌ను లెక్కలోకి తీసుకోకూడదు. ఆర్‌ఎన్‌ఏ త్వరగా పాడవుతుంది కాబట్టి శాంపిల్ కొరియర్‌లో రోజుల తరబడి నానకూడదు. బోన్ మ్యారో పంపేటప్పుడైతే సిరంజిలో మొదట లాగిందే ఎంఆర్‌డీకి వెళ్ళాలి. తర్వాత లాగినదాంట్లో రక్తం కలిసి పలచబడిపోతుంది.

దీనికి తిరగేసిన టెన్షన్ ఇంకొకటుంది. ఎన్‌పీఎమ్1 పోయింది, డీఎన్‌ఎమ్‌టీ3ఏ అనే ఇంకో జన్యువులో మార్పు మాత్రం అలాగే ఉంది, జబ్బు మిగిలినట్టేనా అని. ఇది, టెట్2, ఏఎస్‌ఎక్స్‌ఎల్1 మూడూ రెమిషన్‌లోనూ మిగిలిపోతుంటాయి, వయసు మీదపడ్డ ఆరోగ్యవంతుల రక్తంలో కూడా కనిపిస్తాయి. వాటిని చూసి ట్రాన్స్‌ప్లాంట్‌కి పరిగెత్తక్కర్లేదు.

ఎఫ్ఎల్‌టీ3 ఉన్నవాళ్ళకు మాత్రల సంగతి. కీమోకి ఎఫ్ఎల్‌టీ3ని అణిచే మిడోస్టారిన్ కలిపితే నాలుగేళ్ళకు బతికి ఉన్నవాళ్ళు 44.3 నుంచి 51.4 శాతానికి పెరిగారని 717 మంది మీద జరిగిన అధ్యయనం చూపించింది. 2023లో అమెరికాలో అలాంటిదే అయిన క్విజార్టినిబ్‌కి అనుమతి వచ్చింది. మన దగ్గర వీటి ధర వినగానే చాలామంది సొరాఫెనిబ్ వైపు తిరుగుతారు. అది అందుబాటు ధరకు దిగడంలో హైదరాబాద్ మందుల కంపెనీ నాట్కోది పెద్ద పాత్ర. 2012లో కంపల్సరీ లైసెన్సు (పేటెంటున్న మందును వేరే కంపెనీ తయారు చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి) తెచ్చుకుని నెలకు 2.8 లక్షలున్న మందును 8,880 రూపాయలకు ఇచ్చింది. అది కిడ్నీ, లివర్ క్యాన్సర్ల కోసం ఇచ్చిన లైసెన్సు, లుకేమియా వాళ్ళకు అనుకోకుండా కలిసొచ్చింది. కీమోతో కలిపి వాడినప్పుడు సొరాఫెనిబ్ ఆయుష్షు పెంచిందని రుజువు కాలేదు. ట్రాన్స్‌ప్లాంట్ తర్వాత వాడితే మాత్రం జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. స్తోమత ఉంటే కీమోతో మిడోస్టారిన్, లేకపోతే సొరాఫెనిబ్ అంటాను.

పేషెంటు సొంత మూలకణాలనే తిరిగి ఎక్కించే ఆటోలోగస్ ట్రాన్స్‌ప్లాంట్ మన దగ్గర ఈ జబ్బుకి పెద్దగా చేయడం లేదు. రెమిషన్ నిలబెట్టడానికి నోటితో వేసుకునే అజాసిటిడిన్ ముఖ్యంగా యాభై అయిదు దాటి, ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్ళలేనివాళ్ళ కోసం.

ఎంఆర్‌డీ నెగటివ్ అయితే ఆగమంటున్నాను కానీ, ఒక షరతు మీద. రెండేళ్ళపాటు నాలుగు నుంచి ఆరు వారాలకోసారి రక్తంతో, లేదా మూడు నెలలకోసారి బోన్ మ్యారోతో ఈ పరీక్ష జరుగుతూ ఉండాలి. కీమో అయిపోయాక అతి తక్కువ స్థాయిలో మిగిలి, పెరగకుండా ఉంటే కంగారు లేదు. పదింతలు పెరిగితే, అదీ రెండోసారి చేసినా అలాగే వస్తే, కౌంట్లు బాగున్నా జబ్బు తిరిగొస్తున్నట్టే. అప్పుడు వెనెటోక్లాక్స్-అజాసిటిడిన్‌తోనో, ఎఫ్ఎల్‌టీ3 ఉంటే గిల్టెరిటినిబ్‌తోనో అదుపు చేసి ట్రాన్స్‌ప్లాంట్‌కి వెళ్ళాలి. కూలి పోతుందనో, శ్రీకాకుళం నుంచో ఆదిలాబాద్ నుంచో అన్నిసార్లు రాలేమనో పరీక్షలు మానేసే పరిస్థితి ఉంటే ఆ మాట డాక్టరుతో ముందే చెప్పండి. అలాంటివాళ్ళకు, అందులోనూ ఐటీడీ ఉంటే, నేను కూడా మొదటి రెమిషన్‌లోనే ట్రాన్స్‌ప్లాంట్ వైపు మొగ్గుతాను.

ఏ దారి ఎంచుకున్నా అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ హెచ్‌ఎల్‌ఏ టైపింగ్ (మూలకణాలు మ్యాచ్ అవుతాయా అని చూసే పరీక్ష) మాత్రం మొదటి సైకిల్ నడుస్తుండగానే చేయించి పెట్టుకోండి. ఎంఆర్‌డీ పెరిగాక డోనర్ కోసం వెతుకుతూ కూర్చోవడానికి టైమ్ ఉండదు.