రంగస్థలమా, వెండితెరా: నటుడి బతుకుకు ఏది మేలు?

1936లో ఒకే కథతో రెండు తెలుగు సినిమాలు పోటీపడి విడుదలయ్యాయి. ‘ద్రౌపదీ వస్త్రాపహరణం’లో దుర్యోధనుడు యడవల్లి సూర్యనారాయణ, కృష్ణుడు సి.ఎస్.ఆర్. ఆంజనేయులు. ‘ద్రౌపదీ మానసంరక్షణం’లో దుర్యోధనుడు బళ్ళారి రాఘవ, కృష్ణుడు బందా కనకలింగేశ్వరరావు. నలుగురూ అప్పటికే నాటకాల్లో పేరు మోసినవారు. మొదటి సినిమా బాగా ఆడింది, రెండోది పోయింది. నటనలో రాఘవకున్న స్థాయి తెలిసినవారికి ఈ ఫలితం మింగుడుపడదు కాబట్టి, స్టేజీ నటన తెరకు పనికిరాదనే తీర్మానానికి దీన్ని సాక్ష్యంగా చూపించేవారు ఇప్పటికీ ఉన్నారు. గెలిచిన సినిమాను నిలబెట్టింది కూడా స్టేజీవాళ్లే అన్న సంగతి వారు మరిచిపోతారు.

కాబట్టి నాటక నటన గొప్పదా, సినిమా నటన గొప్పదా అనే పాత తగాదాను నేను పక్కన పెడుతున్నాను. నటననే నమ్ముకున్న మనిషికి తిండి, పనితనం, వయసు మీద పడ్డాక గౌరవం, పోయాక జ్ఞాపకం అనే నాలుగింటిలో ఏ దారి ఏమిచ్చిందన్నదే ఇక్కడ ప్రశ్న.

మొదట తిండి సంగతి. ఇందులో పోటీయే లేదు, సినిమాదే పైచేయి. పౌరాణిక నాటకాల ఆదాయం కాంట్రాక్టరు చేతుల్లో ఉండేది. శివరాత్రికో, నవరాత్రులకో, తిరునాళ్లకో ఊరివాళ్లు నాటకం కావాలంటే కాంట్రాక్టరు ఒక ఊరి నుంచి కృష్ణుణ్ణి, మరో ఊరి నుంచి దుర్యోధనుణ్ణి, ఇంకో ఊరి నుంచి హార్మోనిస్టును కుదిర్చి, బయానా ఇచ్చి, ఆ ఒక్క రాత్రికి అందరినీ ఒకచోట చేర్చేవాడు. వానాకాలం వచ్చిందంటే ఆ బయానాలూ ఉండేవి కావు. జనం ఎగబడి చూసే పెద్ద నటులకు మంచి రేటే పలికినా, మిగిలినవాళ్లు సీజనులో సంపాదించినది అన్‌సీజనులో చేసిన అప్పులకే సరిపెట్టుకునేవారు.

కొన్నేళ్ల క్రితం పల్నాడు వైపు ఒక ఊళ్లో తిరునాళ్ల రాత్రి ‘రాయబారం’ చూడటానికి వెళ్లి, నటులు మేకప్ చేసుకునే బడి వరండాలో ఒక గంటసేపు కూర్చున్నాను. ఒకే నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు దిగడం, ఒకటో కృష్ణుడికీ రెండో కృష్ణుడికీ మధ్య జనం పందేలు కాయడం ఆ నాటకాల పద్ధతి. రెండో కృష్ణుడి వేషం వేయవలసిన పెద్దాయన ముఖానికీ చేతులకూ నీలం పూసుకుని, కిరీటం ఒళ్లో పెట్టుకుని, స్టీలు గ్లాసులో మిరియాల కషాయం గుక్కగుక్కగా తాగుతూ, బయట ఒకటో కృష్ణుడికి ఎన్ని వన్స్‌మోర్లు పడుతున్నాయో చెవి ఒగ్గి లెక్కపెట్టుకుంటున్నారు. అరవై దాటిన మనిషి. సినిమాలకు ఎప్పుడూ ప్రయత్నించలేదా అని అడిగితే, “వేషానికి పిలిచారు బాబూ, పద్యానికి పిలవలేదు” అన్నారు. తర్వాత ఆయన వేదిక ఎక్కి ‘చెల్లియో చెల్లకో’ ఎత్తుకుని చివర రాగం తీస్తే, అంతవరకూ బుర్రలు వాల్చి నిద్రపోతున్న ముసలివాళ్లు లేచి కూర్చున్నారు.

ఆ పెద్దాయన ఒక్క ముక్కలో చెప్పినదే తెలుగు నటుల చరిత్రలో పెద్ద మలుపు. టాకీలు కొత్తగా వచ్చినప్పుడు నటుడు కెమెరా ముందే పాడవలసి ఉండేది కాబట్టి గొంతున్న నాటక నటుణ్ణి సినిమావాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. తరవాత నేపథ్యగానం స్థిరపడి పాడేవారు వేరు, పెదవి కదిపేవారు వేరు అయ్యాక, ముప్ఫై ఏళ్లు సాధన చేసి సంపాదించిన గొంతుకు సినిమాలో గిరాకీ తగ్గిపోయింది. సి.ఎస్.ఆర్. జీవితమే దీనికి ఉదాహరణ. నాటకాల్లో పద్యానికీ పాటకూ పేరుపడి, తొలి టాకీల్లో కృష్ణుడిగా, 1939 నాటి ‘బాలాజీ’లో వేంకటేశ్వరుడిగా వెలిగిన ఆయన, ఆ తరవాతి రోజుల్లో పాట అవసరం లేని పాత్రలకు మారారు. 1957 నాటి ‘మాయాబజార్’లో ఆయన శకునిని చూసినవారెవరూ దాన్ని దిగజారడం అనరు. మారలేకపోయినవాళ్ల పేర్లు మాత్రం మనకు తెలియవు.

పనితనం దగ్గరకు వస్తే తూకం నాటకం వైపు తిరుగుతుంది. నాటకంలో పాత్ర నటుడిది, సినిమాలో పాత్ర దర్శకుడిదీ ఎడిటరుదీ. ఈ మాటకు స్థానం నరసింహారావు కంటే మంచి సాక్షి దొరకరు. బాపట్లలో పుట్టిన ఆయన, 1920లో ‘హరిశ్చంద్ర’లో చంద్రమతి వేషం వేయవలసిన నటుడు రాకపోవడంతో ఆ వేషం కట్టి రంగం మీదికి వచ్చారు. తెనాలి రామవిలాస సభ అనే నాటక సమాజంలో సత్యభామగా, రోషనారగా, చిత్రాంగిగా, మధురవాణిగా ఆయన ఒక్కో స్త్రీకి ఒక్కో నడకను, ఒక్కో చూపును, ఒక్కో చీరకట్టును తీర్చిదిద్దుకున్నారు. ‘శ్రీకృష్ణ తులాభారం’లో సత్యభామకు తగిన పాట లేదనిపిస్తే ‘మీరజాలగలడా నా యానతి’ అనే పాటను తానే కట్టుకుని పాడారు. పాత్రకు కావలసిన పాటను నటుడే రాసుకోగలగడం ఇవాళ్టి సినిమాలో ఊహించండి!

అంతటి సత్యభామను సినిమావాళ్లు ఏం చేశారు? ‘సత్యభామ’ అనే పేరుతోనే 1940ల తొలినాళ్లలో తీసిన చిత్రంలో సత్యభామ పాత్ర పుష్పవల్లికి వెళ్లింది, స్థానంవారికి కృష్ణుడి వేషం దక్కింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. వేదిక మీద పెట్రోమాక్స్ వెలుగులో ముప్ఫై అడుగుల దూరం నుంచి చూసేవారికి అభినయం స్త్రీగా కనిపిస్తుంది. కెమెరా ముఖం దగ్గరికి వచ్చి నిలబడితే గడ్డం గీసిన చెంప చెంపగానే కనిపిస్తుంది. సినిమా నటుడి నుంచి అతని శరీరాన్నే అడుగుతుంది, నాటకం ఆ శరీరాన్ని మరిపించగల శక్తిని అడుగుతుంది. ఆయన సినిమాల్లో ఎక్కువ కాలం ఉండలేదు. 1956లో పద్మశ్రీ ఆయనను వెతుక్కుంటూ వచ్చింది నాటకాల వల్లనే.

వయసు విషయం కూడా ఇందులోనే ఉంది. నడివయసు దాటాక కూడా స్థానంవారు సత్యభామగా వేదిక ఎక్కారు. ఈలపాట రఘురామయ్య పదుల ఏళ్ల పాటు కృష్ణుడిగానే కొనసాగారు. నోట్లో వేలు పెట్టుకుని ఈల మీద రాగం పలికించే ఆయన 1933లో ‘పృథ్వీపుత్ర’తో సినిమాల్లోకి వెళ్లి కూడా నాటకాన్ని విడవలేదు. సినిమాలో పాతికేళ్ల నాయిక నలభై ఏళ్లకు అమ్మ వేషానికి మారాలి. నాటకంలో గొంతు నిలిచినంతకాలం కృష్ణుడు కృష్ణుడే.

ఇంతవరకు చదివి నేను నాటకం పక్షాన ఉన్నానని అనుకునేవారికి, స్త్రీల విషయంలో నా తీర్పు దీనికి ఎదురుగా ఉందని చెప్పాలి. స్థానంవారి కీర్తికి రెండో వైపు చూస్తే, ఆ వేదికల మీద స్త్రీలకు చోటు లేకపోవడం వల్లనే పురుషులు ఆ వేషాలు కట్టవలసి వచ్చింది. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని రాఘవ పట్టుపట్టినా మిగిలిన నాటక సమాజాలు వెంటనే తలొగ్గలేదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక కుటుంబాల్లో మాత్రం ఆడవాళ్లు ఆడవేషాలు వేసేవారు. నాటకం నడుస్తుండగానే తల్లికి నొప్పులు రావడంతో కమలాబాయి రంగస్థలం మీదే పుట్టిందని సురభివాళ్లు చెప్పుకుంటారు. ఆ కమలాబాయే 1932లో ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్రతో తెలుగు టాకీలకు తొలి కథానాయిక అయ్యారు. కెమెరా పురుషుణ్ణి స్త్రీగా ఒప్పుకోకపోవడమే ఆడవాళ్లకు తలుపు తెరిచింది. నాటకాల నుంచి వచ్చిన సావిత్రి పేరు చూసి జనం టికెట్లు కొనే రోజు వచ్చింది. ఆ సావిత్రి చివరి సంవత్సరాల ఇబ్బందులు కూడా అందరికీ తెలిసినవే కాబట్టి, సినిమా తలుపు తెరుస్తుందే తప్ప లోపలికి వచ్చినవారిని కడదాకా కాస్తుందన్న హామీ లేదు.

జ్ఞాపకం విషయంలో సినిమాకు ఎదురు లేదు. 1963 నాటి ‘నర్తనశాల’లో ఎస్వీ రంగారావు కీచకుణ్ణి ఇవాళ పుట్టిన పిల్లవాడు కూడా ఇరవై ఏళ్ల తరవాత చూడగలడు. రాఘవ దుర్యోధనుడు వేదిక మీద ఎలా నడిచాడో చూసి చెప్పగలిగినవారు ఇక లేరు. స్థానంవారి గొంతు గ్రామఫోన్ రికార్డుల్లో మిగిలింది గానీ ఆ నడక మిగలలేదు. ఆయన కట్టుకున్న పాట సైతం 1966 నాటి ‘శ్రీకృష్ణ తులాభారం’ సినిమాలో సుశీల గొంతుతో, జమున అభినయంతోనే కోట్లమంది ఇళ్లకు చేరింది. ఆ పాట రాసింది ఒక నటుడని, అదీ తన సత్యభామ కోసమని, పాట వచ్చినవారిలో చాలామందికి తెలియదు.

ఇప్పుడు అసలు పోలికకు వస్తాను. ఒకే ఇంట్లో పుట్టి, ఒకే నాటకంతో పేరు తెచ్చుకుని, రెండు దారుల్లో నడిచిన అన్నదమ్ములు శ్రీకాకుళం ప్రాంతపు జె.వి. సోమయాజులు, జె.వి. రమణమూర్తి. ‘కన్యాశుల్కం’లో అన్న రామప్ప పంతులు, తమ్ముడు గిరీశం. రమణమూర్తి 1957లోనే ‘ఎం.ఎల్.ఏ.’తో సినిమాల్లోకి వచ్చి, తరవాత చాలా చిత్రాల్లో రకరకాల పాత్రలు వేశారు. సోమయాజులు ప్రభుత్వోద్యోగంలో ఉండి డిప్యూటీ కలెక్టరు దాకా ఎదిగి, సెలవు దొరికినప్పుడల్లా నాటకం ఆడుతూ వచ్చారు. 1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలై శంకరశాస్త్రి ఊరూరా ఇంటి మనిషి అయ్యేనాటికి ఆయన యువకుడు కాదు, సినిమా కోసం చెప్పులరిగేలా తిరిగిన మనిషీ కాదు. ముందు దిగిన తమ్ముణ్ణి సినిమా పనిలో పెట్టుకుంది. ఆగిన అన్నను సినిమా వచ్చి పిలిచింది. అయితే రమణమూర్తి పేరు చెప్పగానే రసికులకు గుర్తొచ్చేది ఏ సినిమా పాత్రో కాదు, వందల ప్రదర్శనల్లో ఆయన బతికిన గిరీశం. సోమయాజులుకు మాత్రం ఆ తరవాత తెర మీద ఎక్కువగా దొరికినవి అదే గంభీరమైన పెద్దమనిషి వేషాలు. రామప్ప పంతులి కొంటెతనాన్ని అంత బాగా పలికించిన నటుడికి సినిమా చేసిన అన్యాయం అదేనని నా అభిప్రాయం.

ఈ వరుసలో ఇంకొందరిని చేర్చి చూస్తే ఒక విషయం బయటపడుతుంది. రాఘవ బళ్ళారిలో పేరున్న వకీలు. 1936లో ఆయన సినిమా పోయినా ఆయన ఇంట్లో పొయ్యి ఆరలేదు, ఆ తరవాత ‘రైతుబిడ్డ’, ‘చండిక’ చేసి సినిమాకు దూరం జరగగలిగారు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో పండిన ఎస్వీ రంగారావు మొదటి సినిమా ‘వరూధిని’ దెబ్బతిన్నాక జంషెడ్‌పూర్ వెళ్లి టాటావారి దగ్గర ఉద్యోగం చేశారు. మళ్లీ కబురు వచ్చేదాకా ఆ జీతం ఆయనను కాపాడింది, 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడు ఆయనను నిలబెట్టాడు. కోట శ్రీనివాసరావు బ్యాంకు ఉద్యోగి. నాటకంగా ఆడిన ‘ప్రాణం ఖరీదు’ 1978లో సినిమా అయినప్పుడు తెరమీదికి వచ్చిన ఆయనకు, ‘ప్రతిఘటన’తో గట్టి పేరు రావడానికి 1985 దాకా పట్టింది. అలాంటి ఏడేళ్లు సినిమా అవకాశాల కోసం హైదరాబాద్ కృష్ణానగర్ గదుల్లో అద్దె కట్టలేక గడపవలసి వస్తే ఎంతమంది నిలవగలరు?

పరిషత్తులు పెట్టే పోటీల నాటకాలను దశాబ్దాల పాటు మోసినవారు కూడా బ్యాంకుల్లో, రైల్వేలో, తపాలా ఆఫీసుల్లో, బళ్లలో పనిచేసే ఉద్యోగులే. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి రిహార్సలు చేసి, శనివారం రాత్రి బస్సెక్కి, ఆదివారం పోటీల్లో ఆడి, సోమవారం పొద్దున రంగు పూర్తిగా పోని చెవుల వెనక భాగాలతో కౌంటరులో కూర్చునేవారు. వారిని ఔత్సాహికులంటారు. ఆ మాటలో కొంచెం చిన్నచూపు ఉంది గానీ, నిర్మాతకు గానీ కాంట్రాక్టరుకు గానీ తలవంచనక్కర్లేని నటులు వారొక్కరే.

అందుకే ఎవరైనా కుర్రవాడు అడిగితే నేను చెప్పేది నాటకమనీ కాదు, సినిమా అనీ కాదు. జీతం వచ్చే పని ఒకటి చూసుకుని నాటకం ఆడమంటాను; సినిమా పిలిస్తే సెలవు పెట్టి వెళ్లమంటాను. ఆడపిల్ల అడిగితే అంత నిబ్బరంగా చెప్పలేను. ఉద్యోగం, ఇల్లు, రాత్రి రిహార్సలు మూడూ నెట్టుకురావడం మగవాడికి ఉన్నంత తేలిక ఆమెకు కాదు, పరిషత్తు పోటీల్లో స్త్రీ పాత్రలకు ఇప్పటికీ బయటి నుంచి పారితోషికం ఇచ్చి నటీమణులను పిలిపించుకోవడం అందుకే. నలభైకే అమ్మ వేషానికి నెట్టేస్తుందని తెలిసినా, ఆమెకు నేను ఇంకా సినిమా దారే చూపిస్తాను.