రాత్రిపూట కారు ఫోటో: ఉన్న వెలుగా, లైట్ స్టిక్కా, ఫ్లాషా?

రాత్రిపూట కార్ల ఫోటోలు తీయడం మొదలుపెట్టాలనుకునేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: "ఫ్లాష్ కొనమంటారా, ఎల్‌ఈడీ స్టిక్ కొనమంటారా?" (స్టిక్ అంటే చేత్తో పట్టుకుని కారు మీదుగా నడిపించే పొడవాటి లైటు.) ఈ నెలలోనే ముగ్గురు అడిగారు. రెండూ ఇప్పుడే వద్దు, ముందు గట్టి ట్రైపాడ్ ఒకటి తీసుకోండి అంటే ముగ్గురూ కాస్త నిరాశపడ్డారు. అలా ఎందుకన్నానో ఒకసారి వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందనిపించింది.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోవాలి. కారు అంటే అద్దం. మనిషి ముఖం మీద వెలుగు పడితే ముఖం కనిపిస్తుంది. నిగనిగలాడే పెయింట్ విషయంలో అలా జరగదు. దాని మీద ఎంత వెలుగు పడిందన్నది కాదు, దానిలో ఏ వెలుగు ప్రతిఫలిస్తోందన్నదే ఫోటోలో కారు ఆకారాన్ని చూపిస్తుంది. నల్ల కారైతే ఇది మరీ స్పష్టం. ఎదురుగా చీకటి ఉంటే, నెత్తిన ఎంత పెద్ద దీపం వెలుగుతున్నా తలుపు నల్లగానే ఉంటుంది. తెల్ల కారు పెయింట్ కొంత వెలుగును నలువైపులా వెదజల్లుతుంది కాబట్టి మన తప్పులు చాలావరకు కప్పేస్తుంది. ఏ పద్ధతి మేలో తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: ఈ ప్రతిబింబాన్ని చూడటం మనకు ఏది త్వరగా నేర్పుతుంది?

అందుకే నా ఓటు ట్రైపాడ్‌కీ, అక్కడ ఉన్న వెలుగుకీ. ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం; ఎఫ్ అంకె తగ్గితే రంధ్రం పెద్దది) ఎఫ్/8, షటర్ తెరిచి ఉంచే సమయం 10 నుంచి 20 సెకన్లు. వీధి దీపాల కింద ఈ లెక్కతో మొదలుపెట్టి అటూ ఇటూ సర్దుకోవచ్చు. ఈ పద్ధతిలో ఉన్న అసలు లాభం, బటన్ నొక్కకముందే ఫోటో పెయింట్‌లో కంటికి కనిపిస్తూ ఉండటం. వెలుగు కదలదు, కారు కదలదు. కదలాల్సింది మనమే.

మొన్న ఒక నల్ల సెడాన్ తీసినప్పటి సంగతి చెబుతాను. ఖాళీ పార్కింగ్ స్థలం, ఒక పక్కన పొడవాటి తెల్ల గోడ, దాని మీద లైట్లు పడుతున్నాయి. కారు పక్క భాగం గోడకు ఎదురుగా ఉండేలా నిలిపి, గోడకూ కారుకూ మధ్య ట్రైపాడ్ పెట్టాను. కెమెరా ఛాతీ ఎత్తున ఉంది. మొదటి ఫోటోలో తలుపులు రెండూ బొగ్గులా వచ్చాయి. ఎక్స్‌పోజర్ పెంచితే వెనకున్న దీపాలు తెల్లగా పేలిపోయాయి తప్ప తలుపులు మారలేదు. అప్పుడు వంగి, కన్ను లెన్స్ పక్కన పెట్టి చూశాను. తలుపులో కనిపిస్తున్నది నల్లటి తారు నేల. అలాగే మెల్లగా ఇంకా కిందికి వంగుతుంటే, మోకాలి ఎత్తుకు వచ్చేసరికి నేల కిందికి జారిపోయి గోడ వెలుగు తలుపులోకి వచ్చింది. ముందు తలుపు నుంచి వెనక బంపర్ దాకా ఒకటే తెల్లటి పట్టీ. హ్యాండిళ్ల కింద ఉన్న సన్నటి మడత కూడా తేలింది. ట్రైపాడ్ దించి, మొదటి ఫోటోకు వాడిన అదే ఐఎస్‌ఓ, అదే అపెర్చర్, అదే 15 సెకన్లతో తీశాను. మొదటి ఫోటోకీ దానికీ పోలికే లేదు. సెట్టింగ్ ఒక్కటీ మార్చలేదు, నేను కిందికి వంగానంతే.

మిగతా జాగ్రత్తలు మీకు తెలిసే ఉంటాయి: బటన్ నొక్కిన కుదుపు తగలకుండా 2 సెకన్ల టైమర్, ట్రైపాడ్ మీద ఉన్నప్పుడు స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిచేసే ఏర్పాటు) ఆఫ్, స్క్రీన్‌ను జూమ్ చేసి కారు లోగో అంచు మీద మాన్యువల్ ఫోకస్. హెడ్‌లైట్లు మాత్రం 15 సెకన్లూ వెలిగితే మంటల్లా వస్తాయి. ఎక్స్‌పోజర్ నడుస్తుండగా ఒక్క సెకను వేసి ఆపేయమని కారులో కూర్చున్నవాళ్లకు చెప్పండి, చాలు. పాత సోడియం దీపాలుంటే వాటి రంగు దాదాపు 2000 కెల్విన్, ముదురు నారింజ. ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (కెమెరా తనంతట తాను రంగులు సరిచేయడాన్ని) నమ్ముకోకుండా రా ఫైల్‌లో (కెమెరా మార్పులు చేయని ముడి ఫైల్‌లో) తీసి తర్వాత సరిచేసుకోవడం నయం.

ఇంకో మాట. రాత్రి అనగానే పూర్తిగా చీకటి పడేదాకా ఆగక్కర్లేదు. సూర్యుడు అస్తమించాక ఓ ఇరవై, ముప్పై నిమిషాలు ఆకాశం ముదురు నీలంగా ఉంటుంది చూడండి, ఆ సమయం నాకు ప్రాణం. ఆకాశమంతా ఒకే పెద్ద లైటులా కారు మీద పరుచుకుంటుంది. టాప్, బానెట్, అద్దాలు అన్నీ వాటంతటవే మెరుస్తాయి, వీధి దీపాలు కూడా అప్పటికే వెలుగుతుంటాయి. కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టి, చీకటి పెరుగుతుంటే షటర్ సమయం పెంచుకుంటూ పోతే ఒకే సాయంత్రంలో చాలా తెలుస్తుంది.

ఇక లైట్ స్టిక్. దీనితో వచ్చే ఫోటోలు కళ్లు చెదిరేలా ఉంటాయి, అందుకే అందరికీ ముందు దీని మీదే మనసు పోతుంది. బాగా చీకటి ఉన్న చోట కారు నిలిపి, షటర్ తెరిచి ఉంచి, నల్ల బట్టలు వేసుకుని స్టిక్‌ను కారు పైనుంచి ఒక చివర నుంచి మరో చివరకు నడిపించాలి. స్టిక్ నడిచిన దారంతా పెయింట్‌లో ఒకే గీతగా పడుతుంది. అందం అక్కడే ఉంది, చిక్కూ అక్కడే ఉంది. నడుస్తూ నడుస్తూ చెయ్యి కాస్త దిగిందంటే బానెట్ మీద గీత అలలా వంకర పోతుంది. ఆ సంగతి 20 సెకన్ల తర్వాత స్క్రీన్ మీద చూస్తేగానీ తెలియదు. కారు మొత్తం ఒక్క ఫ్రేమ్‌లో కుదరడం కష్టం కాబట్టి టాప్‌కు ఒకటి, పక్కకు ఒకటి, చక్రాలకు ఒకటి అని ఆరేడు ఫ్రేములు తీసి, కంప్యూటర్‌లో లేయర్లుగా పెట్టి లైటెన్ మోడ్‌లో (ప్రతి చోటా ఎక్కువ వెలుగున్న ఫ్రేమ్‌నే చూపించే పద్ధతిలో) కలపాలి. మధ్యలో ట్రైపాడ్‌కు కాలు తగిలిందా, శ్రమంతా వృథా. ప్రతిబింబం ఎక్కడ పడుతుందో ముందే ఊహించగలిగినవాళ్లకు స్టిక్ అద్భుతమైన సాధనం. ఆ ఊహ రాకముందే కొంటే, ఫోటో ఎందుకు బాగా వచ్చిందో తెలియదు, ఎందుకు చెడిందో కూడా తెలియదు. ఓ రెండు నెలలు ఉన్న వెలుగుతో తీశాక కొనుక్కోండి. నేనైతే ఇప్పుడు స్టిక్ లేకుండా బయల్దేరను.

ఫ్లాష్ విషయంలో నాకు అంత ఉత్సాహం లేదు. కెమెరా మీద పెట్టి నేరుగా కొడితే ఏమవుతుందో చూడండి. ముందు బంపర్ 2 మీటర్ల దూరంలో, వెనక భాగం 6 మీటర్ల దూరంలో ఉందనుకుంటే, వెనక్కి చేరే వెలుగు ముందు పడేదానిలో తొమ్మిదో వంతే. ముందు భాగం తెల్లబడుతుంది, వెనక భాగం చీకట్లో కలిసిపోతుంది. వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పిపంపే రకం నంబర్ ప్లేటైతే తెల్లటి పలకలా వెలిగిపోయి అంకెలు కూడా కనిపించవు. పెయింట్‌లో ఫ్లాష్ తల చిన్న తెల్ల చుక్కగా పడుతుంది. ఫ్లాష్‌ను కెమెరా నుంచి విడదీసి, పెద్ద సాఫ్ట్‌బాక్స్ (వెలుగును మెత్తగా పరిచే గుడ్డ పెట్టె) తగిలిస్తే ఇవన్నీ చాలావరకు సర్దుకుంటాయి. కానీ వెలుగు రెప్పపాటులో వచ్చి పోతుంది కాబట్టి అది పెయింట్‌లో ఎక్కడ పడిందో కంటితో పట్టుకోలేం. కారు పక్కన మనిషిని నిలబెట్టి తీయాలన్నా, కదిలే కారును తీయాలన్నా ఫ్లాష్‌కు సాటి లేదు. నిలిపిన కారుతో నేర్చుకోవడానికి మాత్రం ఇది చివరి మెట్టు.

ట్రైపాడ్ లేకుండా ఐఎస్‌ఓ పెంచి చేత్తో తీయొచ్చు కదా అని కొందరంటారు. ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, 20 సెకన్లకు సమానమైన వెలుగు కావాలంటే ఎఫ్/1.8, ఐఎస్‌ఓ 3200 దగ్గర కూడా సెకనులో 30వ వంతు సమయం పడుతుంది. చెయ్యి నిలకడగా ఉంటే తీయొచ్చు. కానీ రంధ్రం అంత పెద్దదైతే ఫోకస్ లోతు తగ్గి, దగ్గరి హెడ్‌లైట్ స్పష్టంగా ఉండి వెనక చక్రం మసకబారుతుంది, ఐఎస్‌ఓ పెరగడంతో నల్ల పెయింట్ నిండా నాయిస్ (చుక్కల గరుకు) వస్తుంది. ఫోన్ నైట్ మోడ్ కూడా ఫర్వాలేదు, దాన్ని కదలకుండా ట్రైపాడ్ మీద పెడితే ఇంకా బాగుంటుంది. ప్రతిబింబం వెతకడం దానితోనూ నేర్చుకోవచ్చు.

ట్రైపాడ్ కొనేటప్పుడు అందరూ అది ఎంత ఎత్తు లేస్తుందో చూస్తారు. మీరు కాళ్లు పూర్తిగా విప్పి, అది ఎంత కిందికి దిగుతుందో చూడండి. మధ్య కడ్డీ నేలకు తగిలి కెమెరా మోకాలి పైనే ఆగిపోయే రకమైతే వదిలేయండి. హెడ్‌లైట్ ఎత్తుకీ, అంతకన్నా కిందికీ దిగి, గాలికి ఊగకుండా నిలబడేది తీసుకోండి. ఆ సెడాన్ తలుపులోకి గోడ వెలుగు వచ్చింది కెమెరా ఆ ఎత్తుకు దిగాకే.