ఇత్తడికీ టేకుకీ ఎపాక్సీయే: బరంపురం తేమలో నా అనుభవం

ఓడ మోడల్‌లో ఇత్తడిని కొయ్యకు దేంతో అతికించాలని ఎవరడిగినా నేను ఎపాక్సీ పేరే చెబుతాను, అంటే రెండు ట్యూబుల్లోది కలిపి వాడే జిగురు. అదీ ఐదు నిమిషాల రకం కాదు, పూర్తిగా గట్టిపడటానికి ఒక రోజు పట్టేది. నీళ్లకు ఐదు నిమిషాల రకం అంతగా ఆగదు.

మాది బరంపురం. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే. వానాకాలంలో ఇక్కడ టేకు పలక తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. ఇత్తడికి తేమతో పనిలేదు. ఈ రెండింటి మధ్య ఇన్‌స్టంట్ గ్లూ పెళుసుగా బిగుసుకుని, ఏదో ఒకరోజు టక్కున వదిలేస్తుంది. ఫెవికాల్ ఆరాలంటే అందులోని నీటిని కొయ్య పీల్చుకోవాలి, ఇత్తడి పీల్చదు కదా.

కట్టీ సార్క్ అనే పాత బ్రిటిష్ తెరచాప ఓడ మోడల్ కడుతున్నప్పటి సంగతి. తెరచాప స్తంభాలు ఇంకా నిలబెట్టలేదు. కార్తీక పౌర్ణమి వచ్చింది. ఆ తెల్లవారుజామున ఇక్కడ బొయిత బందాణ, చిన్న చిన్న పడవల్లో దీపాలు పెట్టి చెరువులో వదులుతారు. మా అక్క కొడుకు ఎవరికీ చెప్పకుండా నా ఓడను చంకన పెట్టుకుపోయి నీళ్లలో వదిలేశాడు. "మావయ్యా, అన్నిటికంటే మనదే పెద్ద పడవ!" అని ఇంటికొచ్చి వాడే చెప్పాడు. పరుగెత్తి చూస్తే గుర్రపుడెక్కలో చిక్కుకుని, ఒక పక్కకు ఒరిగి, సగం నీళ్లు నిండి ఉంది. డెక్ మీద ఇన్‌స్టంట్ గ్లూతో పెట్టిన ఇత్తడి కొక్కేలు చాలావరకు పోయాయి. పలకలు ఉబ్బి అంచుల్లో వార్నిష్ చిట్లింది. ఎపాక్సీతో పెట్టిన చుక్కాని బందులు మాత్రం చెక్కుచెదరలేదు. గోరు దూర్చి లాగి చూశాను, కదల్లేదు. చుక్కాని ఎటు తిప్పితే అటు తిరిగింది. ఎంత సంతోషమేసిందో!

ఆ రోజు మార్కులన్నీ జిగురుకే వేశాను. నిజానికి ఆ బందులకు సన్నటి ఇత్తడి మేకులు కూడా ఉన్నాయి, బరువు ఎక్కువగా మోసేది అవే. 1869 నాటి అసలు ఓడలోనూ ఇనుప చట్రానికి కొయ్య పలకలను బోల్టులతోనే బిగించారు. పైగా ఇత్తడి మీది మెరుపు పూతను గరుకు కాగితంతో గీకి, టేకులోని నూనెను అసిటోన్‌తో తుడవకపోతే ఎంత మంచి ఎపాక్సీ అయినా పొరలా లేచిపోతుంది. వెలుతురు తగిలే చోట పసుపెక్కుతుంది కాబట్టి పైకి కనబడేలా పూయను. ముసురు రోజుల్లో ఆరాక పైన జిడ్డు పొర కడుతుంది, తడిగుడ్డతో తుడిచాకే రంగు వేయాలి. కొందరికి చర్మం దద్దుర్లెక్కుతుంది, గ్లౌజులు తప్పనిసరి.

నేను రాత్రి భోజనాలయ్యాకే కూర్చుంటాను. అతికించి, బట్టల క్లిప్పు పెట్టి పడుకుంటే సరిపోతుంది. రోజంతా వరసగా పనిచేసేవాళ్లకు ఈ ఎదురుచూపు విసుగే. ఓడను ఏసీ గదిలో అద్దాల పెట్టెలో ఉంచేవాళ్లకు ఇన్‌స్టంట్ గ్లూతోనే గడిచిపోవచ్చు. తాళ్ల ముడుల మీద ఒక చుక్క వేయడానికి నేనూ ఇప్పటికీ అదే వాడుతున్నాను.