ముప్పై మంది కంపెనీయా, మూడు లక్షల మంది కంపెనీయా?

డేటా అనలిటిక్స్ కన్సల్టెన్సీలో చేరానని చెప్పగానే మా బాబాయి మొహం అదోలా పెట్టాడు. "కన్సల్టెన్సీ ఏంట్రా, అమీర్‌పేటలోనా?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టించేవాళ్లు, అమెరికాలో ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం పనిచేసుకోనిచ్చే అనుమతి) మీదున్న పిల్లల్ని ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద కూర్చోబెట్టేవాళ్లు అందరూ కలిసి ఆ మాటను అలా తయారుచేశారు. నేను చెప్పేది అది కాదు. క్లయింట్ డేటా తీసుకుని, లెక్కలు తేల్చి, చార్టులన్నీ ఒకే తెర మీద కనిపించే డాష్‌బోర్డులు కట్టిచ్చే కంపెనీ. మాదాపూర్‌లో ఒకే ఫ్లోరు, ముప్పై మంది. అంతకుముందు రెండేళ్లు లక్షల మంది పనిచేసే ఐటీ కంపెనీలో ఉన్నాను. ఆ తర్వాత ఇందులో మూడేళ్లు.

పని నేర్చుకోవడం దగ్గర మొదలుపెడతా. పెద్ద కంపెనీలో క్లయింట్ డేటాబేస్ యాక్సెస్ రావడానికే నాకు మూడు వారాలు పట్టింది. వచ్చాక చేసింది, నెలనెలా అదే రిపోర్టు రిఫ్రెష్ చేయడం, టికెట్ (ఏదో పనిచేయడం లేదనే ఫిర్యాదు) వస్తే సరిచేయడం. చిన్న కంపెనీలో రెండో రోజే ఫైళ్లు చేతిలో పెట్టారు. భయం వేసింది కూడా.

ఆ భయం ఎందుకో ఒక రాత్రి తెలిసింది. క్లయింట్ అమెరికాలో ఒక రిటైల్ సంస్థ. స్టోర్ కోడ్‌లు 0417 లాగా నాలుగు అంకెలు. ఎవరో ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయడంతో ముందున్న సున్నా ఎగిరిపోయి 417 అయింది. రెండో టేబుల్లో మాత్రం సున్నా అలాగే ఉంది. నేను రాసింది ఇన్నర్ జాయిన్, అంటే రెండు టేబుళ్లను కలిపి, రెండింట్లోనూ ఉన్న వరుసల్నే మిగిల్చేది. కలవని స్టోర్లు చప్పుడు లేకుండా జారిపోయాయి, ఎర్రర్ కూడా రాలేదు. కాల్‌లో క్లయింట్ తరఫు ఆవిడ చార్టు చూసి, "ఈ రాష్ట్రంలో మా స్టోర్లన్నీ మూసేశామా ఏంటి?" అని అడిగింది. లైన్లో ఆవిడ, మా ఓనర్, నేను, అంతే. పెద్ద కంపెనీలో అయితే ఆ ప్రశ్న నలుగురు మేనేజర్లను దాటి, చప్పబడి, మెయిల్ రూపంలో నా దాకా వచ్చేది. ఇక్కడ నేరుగా తగిలింది. అప్పటి నుంచి ఏ జాయిన్ రాసినా ముందూ వెనకా వరుసల సంఖ్య లెక్కపెట్టకుండా ఫైలు పంపను.

అయితే చిన్న కంపెనీలో అన్నీ నేర్చుకోవచ్చు అనే మాట సగమే నిజం. మొదటి ఏడాది నా ప్రతి క్వెరీ (డేటాబేస్ నుంచి డేటా తీసే కోడ్) చూసి తిట్టే సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఆయన మానేశాక నా కోడ్ చూసేవాళ్లే లేరు. క్వెరీలు రాసే ఎస్‌క్యూఎల్, చార్టులు కట్టే పవర్ బీఐ, క్లయింట్‌కి స్లయిడ్లు, కొత్తవాళ్ల ఇంటర్వ్యూలు అన్నీ నేనే. బయటికి అది ఎదుగుదలలా కనిపించింది. నిజానికి ఆ ఏడాది తెలిసిన పనినే పదిసార్లు చేశాను.

డబ్బు విషయంలో పెద్ద కంపెనీకే నా ఓటు. చిన్నదాంట్లో జీతం ముప్పై శాతం పెరిగిన మాట నిజమే. పీఎఫ్ మాత్రం పూర్తి బేసిక్ మీద కాకుండా 15,000 మీద లెక్కగట్టి నెలకు 1,800 వేసేవారు. అసలు పీఎఫ్ చట్టం తప్పనిసరయ్యేదే ఇరవై మంది లేదా అంతకన్నా ఎక్కువ ఉద్యోగులుంటే, కాబట్టి ఇంకా చిన్నవాటిలో అదీ ఉండకపోవచ్చు. గ్రాట్యుటీకి అయిదేళ్లు నిండాలి. మా ఫ్లోర్‌లో అయిదేళ్లున్నవాళ్లు ఓనర్, ఆయన తమ్ముడు. ఆదాయంలో సగానికి పైగా ఒక్క క్లయింట్ నుంచే వచ్చేది. వాళ్లు బడ్జెట్ కోసిన నెల మా జీతాలు పదకొండు రోజులు ఆలస్యమయ్యాయి. నా ఈఎంఐ అయిదో తారీఖు. ఆ టెన్షన్ జీతం పెరిగిన సంతోషాన్ని మొత్తం తినేసింది. పర్సనల్ లోన్‌కి బ్యాంకుకి వెళ్తే, మీ కంపెనీ మా లిస్టులో లేదన్నారు. పెళ్లి సంబంధాల వాళ్లు కూడా దాదాపు అదే మాట అన్నారనుకోండి.

షేర్లు ఇస్తామనే మాట ఇంటర్వ్యూలోనే వస్తుంది. 2006లో చెన్నైలో మొదలైన లేటెంట్‌వ్యూ అనే డేటా అనలిటిక్స్ కంపెనీ 2021లో స్టాక్ మార్కెట్‌కెక్కిన కథ మా ఓనర్ కూడా చెప్పాడు. కథ నిజమే. నా ఆఫర్ లెటర్లో మాత్రం షేర్ల గురించి ఒక్క వాక్యం లేదు. కాగితం మీద లేనిదాన్ని జీతంలో కలిపి లెక్కేసుకోకండి.

టైమింగ్స్ రెండు చోట్లా ఒకటే గోల. అమెరికా తూర్పు తీరంలో ఉదయం పదంటే మనకు వేసవిలో రాత్రి ఏడున్నర, నవంబర్ నుంచి ఎనిమిదిన్నర. కాకపోతే పెద్ద కంపెనీలో నేను లీవు పెడితే ఇంకొకరు కాల్ ఎక్కేవారు. చిన్నదాంట్లో మా చెల్లి నిశ్చితార్థం రోజు కూడా మేడ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. దానికి ప్రతిఫలంగా ఒక సుఖం ఉంది: నోటీసు పీరియడ్ నెలే. పెద్దదాంట్లో తొంభై రోజులు, అంతసేపు ఎదురుచూసే కంపెనీ దొరకడమే కష్టం.

ఇక విదేశీ కంపెనీలు నానక్‌రామ్‌గూడ వైపు పెట్టుకున్న సొంత ఆఫీసులు. ఇప్పుడు నేనున్నది అలాంటిదాంట్లోనే. జీతం, అమ్మానాన్నలకు ఇన్సూరెన్స్, అన్నీ బావున్నాయి. కానీ ఇక్కడి ఇంటర్వ్యూలో అడిగింది మొదటి రెండేళ్ల టికెట్ల గురించి కాదు, ఆ పోయిన సున్నా లాంటివాటి గురించి.

అందుకే నా లెక్కలో, ఇంట్లో అప్పులున్న ఫ్రెషర్‌కి పెద్ద కంపెనీయే మేలు. రెండేళ్లయ్యాక, చేతిలో ఆరు నెలల ఖర్చు పెట్టుకుని చిన్నదానికి మారాలి. పని చూసి దిద్దే సీనియర్ ఉంటే ఉండాలి, ఆయన వెళ్లిపోతే మనమూ సర్దుకోవాలి. నేను ఏడాది ఆలస్యం చేశాను.

మొన్న మా పిన్ని కొడుకు కొండాపూర్‌లో పన్నెండు మంది ఉన్న కంపెనీ నుంచి ఆఫర్ తెచ్చుకున్నాడు. "జీతం సంగతి తర్వాత, క్లయింట్లు ఎంతమంది?" అని అడిగాను. కనుక్కుని రాత్రికి ఫోన్ చేశాడు. "ఒక్కరే అన్నయ్యా." రిజైన్ మెయిల్ అప్పుడే పంపొద్దని చెప్పాను.