సముద్రయానంలో కర్బనాన్ని కొలవడానికి ఏ జంట మేలు?

సముద్రజలంలోని మొత్తం అకర్బన కర్బనం (కరిగిన కార్బన్ డయాక్సైడ్, బైకార్బనేట్, కార్బనేట్‌ల మొత్తం; ఇకపై కర్బనం అంటే ఇదే), క్షారత (ఆమ్లాన్ని తటస్థం చేయగల శక్తి), పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ పాక్షిక పీడనం అనే నాలుగింటిలో ఏ రెండు తెలిసినా మిగిలిన రెండింటినీ లెక్కగట్టవచ్చు కదా, మరి ఓడ మీద ఏ రెండు కొలవాలి అని పరిశోధన యాత్రకు బయలుదేరే విద్యార్థులు తరచుగా అడుగుతుంటారు. కాగితం మీద ఏ జంటైనా ఒకటే కాని, ఓడ మీద అలా కుదరదు.

ఒక జంటను మాత్రం మొదటే పక్కన పెట్టవచ్చు. పీహెచ్, పాక్షిక పీడనం రెండూ ప్రధానంగా కర్బనానికీ క్షారతకూ మధ్య ఉన్న నిష్పత్తినే చెబుతాయి. పీహెచ్ పెరిగితే పాక్షిక పీడనం తగ్గుతుంది. అందువల్ల వాటి నుంచి అసలు పరిమాణాలను రాబట్టబోతే కొలతలోని చిన్న దోషం కూడా ఎన్నో రెట్లవుతుంది.

నా దృష్టిలో తేల్చవలసినది పరికరం ఎంత సున్నితమైనదని కాదు, వచ్చిన అంకెను దేనితో సరిచూసుకోగలమని. కర్బనం, క్షారత రెండూ కిలోగ్రాము నీటికి ఇన్ని మైక్రోమోల్‌లని చెప్పే రాశులు కనుక, లోతు నుంచి పైకి వచ్చే దారిలో పీడనం, ఉష్ణోగ్రత మారినా వాటి విలువ మారదు. పైగా అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్ర సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల 1990ల నుంచి అందించిన ప్రామాణిక సముద్రజలాన్ని, అంటే విలువలు ముందే నిర్ధారించిన నీటిని, రోజూ పరికరంలో నడిపి చూస్తే, ఎంత తేడా వస్తున్నదో వెంటనే తెలుస్తుంది. సుమారు 2000 మైక్రోమోల్‌ల కర్బనాన్ని రెండు మైక్రోమోల్‌ల లోపు తేడాతో కొలవాలంటే ఈ ఆధారం తప్పనిసరి.

నమూనా పట్టడంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. లోతుల్లోని నీటిని పట్టి తెచ్చే నిస్కిన్ సీసా నుంచి ఆక్సిజన్ నమూనా పట్టిన వెంటనే గొట్టాన్ని గాజు సీసా అడుగుదాకా దింపి, ఒక్క బుడగా లేకుండా నింపి, మరో సీసాడు నీరు పొంగిపోనివ్వాలి. ఆపైన ఒక శాతం ఖాళీ ఉంచి, సూక్ష్మజీవులను ఆపడానికి మెర్క్యురిక్ క్లోరైడ్ చుక్కలు వేసి, గ్రీజు రాసిన గాజు మూత బిగించాలి. ఇలా భద్రపరచిన నీటిని నెలల తరువాత ఒడ్డున కూడా కొలవవచ్చు. కార్బన్ డయాక్సైడ్ కొంత తప్పించుకుపోయినా క్షారత మారదన్నది అదనపు ధీమా.

పీహెచ్‌కు గాజు ఎలక్ట్రోడ్ గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. ఎం-క్రెసాల్ పర్పుల్ అనే రంగుతో చేసే వర్ణకాంతి పద్ధతి మాత్రం వేగవంతమైనది, సహస్రాంశం స్థాయిలో స్థిరమైన ఫలితాలనిచ్చేది. శుద్ధి చేయని రంగు వాడితే ఆ స్థిరత్వంతోనే తప్పు విలువ కూడా ఇస్తుంది.

గాలికీ నీటికీ మధ్య వాయు మార్పిడే ప్రశ్న అయితే పాక్షిక పీడనాన్ని నేరుగా కొలవడానికి సాటి లేదు. ఓడ నడుస్తుండగానే పైపొర నీటిని ఒక గదిలోకి చిమ్మి, అందులోని గాలిని పరారుణ విశ్లేషకంతో కొలుస్తారు. అయితే ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ మారితే పాక్షిక పీడనం నాలుగు శాతానికి పైగా మారుతుంది. అంటే 400 మైక్రో అట్మాస్ఫియర్ల దగ్గర దాదాపు 17. గాలికీ నీటికీ మధ్య ఉండే తేడా చాలాచోట్ల అంత కూడా ఉండదు. నీరు లోపలికి వచ్చే చోట మంచి ఉష్ణమాపకం లేకుండా ఈ కొలతకు దిగడం వృథా.

కాబట్టి సీసాల పనికి నా ఓటు కర్బనం, క్షారత జంటకే. వీలైతే పీహెచ్‌ను మూడోదిగా చేర్చి, లెక్కతో సరిపోలుతున్నదో లేదో చూసుకోవాలి. నదీముఖాల దగ్గర మాత్రం సేంద్రియ ఆమ్లాల క్షారాలు కూడా టైట్రేషన్‌లో (ఆమ్లం కొద్దికొద్దిగా కలుపుతూ క్షారతను కొలిచే పద్ధతిలో) కలిసి క్షారతను ఎక్కువ చూపగలవు కనుక, అక్కడ నేను కర్బనానికి జతగా పీహెచ్‌నే ఎంచుకుంటాను.