టాప్ ఫ్లోర్ ఇల్లు, కారే స్లాబు, మేము ఆపేసిన అద్దె: ఇల్లు వెతుక్కునేవాళ్ళు ఒకసారి చదవండి

హైదరాబాద్‌లో, ముఖ్యంగా నిజాంపేట వైపు టూలెట్ బోర్డులు చూసుకుంటూ తిరుగుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఈ నెలాఖరుకి మేము ఇల్లు ఖాళీ చేస్తున్నాం. లాయర్ నోటీసు వచ్చింది మరి. ఓనర్ పేరు, బిల్డింగ్ పేరు చెప్పను. ఇలాంటి ఇల్లు సందుకొకటి ఉంటుంది.

కిందటేడు మార్చిలో చూశాం. మూడో అంతస్తు, పైన డాబా. తూర్పు గుమ్మం, గాలీ వెలుతురూ బాగానే ఉన్నాయి. అద్దె 17,000, రెండు నెలల అడ్వాన్స్ 34,000. గోడలన్నీ పాత రంగే. పడగ్గది కప్పులో కిటికీ పక్క మూల మాత్రం దుప్పటి పరిచినంత మేర తెల్లగా మెరుస్తోంది. "మీకోసమే రంగు వేయించానమ్మా" అన్నారు అంకుల్. (ఓనర్‌ని అంకుల్ అనే పిలిచేవాళ్ళం. ఇప్పుడు అలా పిలవాలంటే నోరు రావట్లేదు.) రంగు ఆ మూలకే ఎందుకు వేయించారో అడగాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

జూన్‌లో పెద్ద వాన పడ్డ రాత్రి తెలిసింది. లప్పం ఉబ్బి, పెచ్చులు ఊడి మంచం మీద పడ్డాయి. తెల్లారేసరికి బకెట్టు సగం నిండింది. చెమ్మ గోడలోకి దిగి బీరువా వెనకంతా నల్లగా బూజు పట్టింది. నా పెళ్ళి చీర మడతలో ఆ మరక ఇప్పటికీ ఉంది. ఓ రోజు ఫ్యాన్ స్విచ్ వేయబోతే మా బాబుకి చెయ్యి జివ్వుమంది. ఆ బోర్డు మీద ప్లాస్టర్ అంటించి ఆ గదిలో పడుకోవడమే మానేశాం.

అంకుల్‌కి చెబితే, "వానల్లో పని చేయిస్తే నిలవదమ్మా, ఎండాకాలం రానీ" అన్నారు. నిజమే కదా అనుకున్నాం. ఏప్రిల్‌లో గుర్తు చేస్తే "ఇప్పుడేం కారట్లేదు కదమ్మా" అన్నారు. నేనే ఓ మేస్త్రీని తీసుకొచ్చి డాబా చూపించాను. ట్యాంకు కింద స్లాబు పగిలిందని, పగుళ్ళు పూడ్చి వాటర్‌ప్రూఫింగ్ చేస్తే 22,000 అవుతుందని లెక్క చెప్పాడు. అంకుల్ ఆ కాగితం చూసి జేబులో పెట్టుకున్నారు. అంతే.

రెండో వానాకాలం మొదలయ్యాక మేమూ, అంకుల్ ఇంట్లోనే అద్దెకున్న మా ఎదురింటివాళ్ళూ కలిసి అద్దె ఆపేద్దాం అనుకున్నాం. ఫస్ట్ ఫ్లోర్‌వాళ్ళకి పైపు లీకు, వాళ్ళూ సై అన్నారు. "మేమంతా ఒక్కమాట మీదున్నాం" అని గట్టిగా మాట్లాడిన ఆ ఫస్ట్ ఫ్లోర్‌వాళ్ళే పదో తారీఖుకల్లా గుట్టుగా ఫోన్‌పే కొట్టేశారు. వాళ్ళనీ ఏమీ అనలేను, ఇంట్లో నిండు గర్భిణి ఉంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరు మేమూ ఎదురింటివాళ్ళూ కట్టలేదు. అక్టోబరులో రెండిళ్ళకీ పోస్టులో నోటీసులు వచ్చాయి. పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి, బకాయి 51,000 వడ్డీతో కట్టాలి. అందులో స్లాబు మాట లేదు, బకెట్టు మాట లేదు.

ఆ కాగితం పట్టుకుని తెలిసిన లాయర్ దగ్గరికి వెళ్తే, ఆయన ముందు అగ్రిమెంట్ అడిగారు. నెట్ సెంటర్‌లో వంద రూపాయల స్టాంపు పేపర్ మీద కొట్టించిన పదకొండు నెలల అగ్రిమెంట్ మాది. అది ఎప్పుడో ఫిబ్రవరిలో అయిపోయింది, మళ్ళీ రాయించుకోలేదు. అంటే ఇప్పుడు మాది నెలనెలా అద్దె కిందికి వస్తుందట. ఆస్తి బదలాయింపు చట్టం, 1882, సెక్షన్ 106 ప్రకారం పదిహేను రోజుల నోటీసు చాలట, కారణం కూడా చెప్పక్కర్లేదట.

"మరి అద్దెకున్నవాళ్ళని ఊరికే ఖాళీ చేయించకుండా రెంట్ కంట్రోల్ చట్టం ఉంది కదా సార్" అన్నాను. మా పెదనాన్నకి సుల్తాన్‌బజార్‌లో చిన్న కొట్టు ఉంది, అద్దె 2,800. ఓనర్ అద్దె తీసుకోనంటే ఆయన నెలనెలా మనియార్డర్ చేశాడు, అవి తిరిగొచ్చాక రెంట్ కంట్రోలర్ (ఆ చట్టం కింద అద్దె తగువులు తేల్చే అధికారి) దగ్గర డిపాజిట్ చేశాడు, ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఆ ధైర్యం నాది. లాయర్ గారు నవ్వారు. ఆ 1960 చట్టం కార్పొరేషన్ పరిధిలో నెలకి 3,500 దాటిన అద్దెలకి వర్తించదట. 2005లో సవరణ చేశారట. నిజాంపేటలో 3,500కి ఇప్పుడు బైకు పెట్టుకోను జాగా కూడా రాదు. పోనీ ఆ చట్టం వర్తించినా, కావాలని అద్దె ఎగ్గొడితే అదే ఖాళీ చేయించడానికి కారణం అవుతుందట.

తర్వాత ఆయన అడిగిన ప్రశ్నకే మా దగ్గర జవాబు లేదు. "ఆపిన డబ్బు ఎక్కడుంది?" నేనూ మావారూ మొహాలు చూసుకున్నాం. ఇరవై వేలు బాబు స్కూలు ఫీజుకి పోయింది, కొంత దసరాకి. రిపేరు కోసం అద్దె ఆపామని చెప్పేవాళ్ళం ఆ డబ్బుని ముట్టుకోకుండా పక్కన పెట్టాలి కదా. కోర్టులో ఓనర్ లాయర్ ఇదే అడిగితే ఏం చెబుతాం?

ఆస్తి బదలాయింపు చట్టంలోనే సెక్షన్ 108 ఉందని అప్పుడు చెప్పారు. ఓనర్ చేయించాల్సిన రిపేరుని, నోటీసిచ్చి తగినంత గడువు ఇచ్చినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళే చేయించి ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకోవచ్చు. అంటే మేస్త్రీ చెప్పిన ఆ 22,000 పని మేమే చేయించి, బిల్లు పెట్టుకుని, మిగతా అద్దె తారీఖుకి కట్టేసి ఉంటే మా మాటకి బలం ఉండేది. అయితే ఆ రిపేరు ఓనర్ బాధ్యతే అని తేలాలి. మా అగ్రిమెంట్‌లో "చిన్న రిపేర్లు అద్దెదారు చేయించుకోవాలి" అని ఉంది, స్లాబు గురించి ఒక్క ముక్క లేదు. మీరు సంతకం పెట్టేముందు స్లాబు, పైపులు, కరెంటు వైరింగ్ ఓనర్ బాధ్యత అని ఒక లైను రాయించండి. రాయనంటే ఆ ఇల్లు వదిలేయండి. చెప్పిన ప్రతిసారీ వాట్సాప్‌లోనైనా ఫోటో పెట్టండి. నేను ఏడాదిన్నర మెట్ల మీద నిలబడి నోటితోనే చెప్పాను.

మధ్యలో ఓ పొద్దున అంకుల్ మా ఇంటికి నీళ్ళ వాల్వు కట్టేశారు. పోలీస్ స్టేషన్‌కి వెళ్తే సివిల్ మ్యాటర్ అన్నారు గానీ, ఫోన్ చేసి మందలించారు, మధ్యాహ్నానికి నీళ్ళు వచ్చాయి. నోటీసు గడువు దాటినా కోర్టు ఆర్డర్ లేకుండా సామాను బయట పడేయడానికి ఓనర్‌కి హక్కు లేదు. ఎవరైనా బెదిరిస్తే భయపడి రాత్రికి రాత్రి మూటాముల్లె కట్టుకోకండి.

మేము కేసు దాకా వెళ్ళలేదు. అడ్వాన్స్ బకాయిలోకి జమ చేసుకున్నారు, మిగిలిన 17,000 అప్పు చేసి కట్టాం. వడ్డీ వదిలేశారు. ఎదురింటివాళ్ళు మాత్రం కోర్టులోనే తేల్చుకుంటామంటున్నారు.

గేటుకి టూలెట్ బోర్డు అప్పుడే వేలాడుతోంది. నిన్న సాయంత్రం మేము డబ్బాలు సర్దుతుంటే పెయింటర్ లప్పం బకెట్టుతో వచ్చాడు. వెనకాలే వచ్చిన అంకుల్ ఆ మూల వైపు చూసి, "మంచం కాస్త ఇటు జరపండమ్మా" అన్నారు.