ఆరుబయట పోర్సెలీన్ పేవర్స్, కొన్నేళ్లు వాడాక

ఇంటి వెనక పగుళ్లుబారిన పాత గచ్చు తీయించి 20 ఎంఎం పోర్సెలీన్ పేవర్స్ (ఆరుబయట నేలకు వేసే మందపాటి టైల్స్) వేయించాం. కొన్నేళ్ల ఎండా వానా చూశాక టైల్‌తో మాత్రం నాకు పేచీ లేదు. రంగు వెలవలేదు, నూనె ఒలికినా సబ్బునీళ్లతో పోతుంది, మరక దిగకుండా పైన పూసే సీలర్ అవసరమే రాలేదు. దాదాపు 1200 డిగ్రీల దగ్గర కాల్చిన సరుకు, నీళ్లు పీల్చేది అర శాతం లోపే, ఇక మరక లోపలికి దిగేదెలా?

అసలు తంటా అంతా పరిచేటప్పుడే, అదీ ఈ గుణం వల్లే. నీళ్లు పీల్చని టైల్‌ని ఉత్త సిమెంటు మాలు సరిగ్గా పట్టుకోదు, వెనకవైపు బాండింగ్ స్లర్రీ (టైల్, మాలు అతుక్కునేలా చేసే పలచటి సిమెంటు పూత) పూసి అది ఆరకముందే మాలు మీద కూర్చోబెట్టాలి. మా మేస్త్రీ "ఇవన్నీ దేనికండీ, నేనెన్ని ఇళ్లకు వేయలేదు" అంటూ మెట్ల దగ్గర మొదటి వరస నాలుగు మూలలా, నడుమ ఒక్కో ముద్ద పెట్టి నొక్కేశాడు. ఆ వరస ఇప్పుడు తడితే డొల్లగా మోగుతుంది. ఒక టైల్ అయితే ఊడి చేతికే వచ్చింది, తిప్పి చూస్తే వెనక అద్దంలా ఉంది, సిమెంటు రవ్వంతైనా అంటలేదు. మిగతాదంతా స్లర్రీ పూసి, కింద ఖాళీ లేకుండా మాలు నిండుగా పరిచి వేసిందే. బరువైన బల్లలు లాగినా అక్కడ ఏమీ కదల్లేదు.

టైల్ ఎంత మంచిదైనా వాటం లేకపోతే నీళ్లు నిలుస్తాయి. మీటరుకు సెంటీమీటరుకి తగ్గకుండా పెట్టించండి.

జారకుండా పట్టు ఎంతో చెప్పే రేటింగులో ఇది ఆర్11, గరుకు రకం కాబట్టి తడిలోనూ కాలు అంత తేలిగ్గా జారదు. కాకపోతే ఆ గరుకులో దుమ్ము ఇరుక్కుంటుంది, మాప్ పెడితే దారప్పోగులు పట్టేస్తాయి, గట్టి బ్రష్షే దిక్కు. నీడపడే మూల రుద్దకుండా వదిలేస్తే పాకుడు కూడా పడుతుంది. ముదురు బూడిదరంగు చూడ్డానికి బాగుంటుంది గానీ మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా దాని మీద నిలబడలేం, పిల్లలుంటే లేత రంగే నయం.

ముందు పాడయ్యేది టైల్స్ మధ్య సందుల్లో నింపే గ్రౌట్. అలాగని సందే వద్దనుకోకండి. సందు లేకుండా ఆనించి వేస్తే అందంగా ఉంటుందని ఎవరైనా చెప్తే వినకండి, ఎండకు సాగడానికి చోటు లేక అంచులు పెచ్చులూడతాయి, 3 నుంచి 5 ఎంఎం సందు ఉండాల్సిందే. మాకు కుండీ పడి ఒక మూల పెచ్చు లేచింది, డిజైన్ పైపై ప్రింటే కాబట్టి లోపలి రంగు తెలిసిపోతోంది. తర్వాత కొంటే అదే షేడ్ దొరకడం కష్టం, కొన్నప్పుడే నాలుగైదు ఎక్కువ తెచ్చి పక్కన పడేసుకోండి.